నలభై పేర్లు రాయండి, కేంద్రం అడగండి
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జనగామ, మానుకోట, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలైనయి. కలెక్టరాఫీసులు వచ్చినయి. 2022లో మానుకోటకు, 2023లో జనగామకు, భూపాలపల్లికి సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. మంచిదే, వద్దనం. కానీ మన బిడ్డ దవాఖాన మెట్లెక్కక ముందే బువ్వ కాడ, నీళ్ళ కాడ బక్కచిక్కుతున్నది. ఆ సంగతి మాట్లాడుకుందాం.

సర్కారు లెక్కే చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు 2015-16లో నూటికి 28 మంది. 2019-20 నాటికి 33 మంది అయినారు. రక్తహీనత నూటికి 61 నుంచి 70కి పెరిగింది. గోదాములు నిండిన రాష్ట్రంలో పిల్లల ఒంట్లో నెత్తురు లేదు!

పిల్ల బక్కగుంటే తల్లిని తిడతరు. శుభ్రత తెల్వదంటరు, తినిపియ్యరాదంటరు. పొద్దు పొడవక ముందే కూలికి పోయే తల్లి బిడ్డను ఎవరి చేతిలో పెట్టి పోవాలె? ఆ మాట ఎవరూ అడగరు. మోరీ పక్కనుంచి వచ్చే నల్లా నీళ్ళు తాగి బిడ్డకు విరేచనాలు పడితే, తిన్న గుడ్డు ఒంటబట్టదు. అది తల్లి తప్పా?

1975 అక్టోబర్ 2న మొదలైన అంగన్‌వాడీ పథకం ఎవరి దానమూ కాదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా ప్రతి బిడ్డకు ఆహారం హక్కు; 2013 నాటి లెక్కలో అది రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులుగా ఉండేది. పోషణ లోపమున్న బిడ్డకు అప్పటి లెక్క 800 కేలరీలు, 20 నుంచి 25 గ్రాములు. ఇవ్వకుంటే రాష్ట్ర ప్రభుత్వం భృతి కట్టాలని చట్టమే చెప్తుంది.

మరి కేంద్రం ఎక్కడుంది? ఊరు ఒక దిక్కు, వాడ ఒక దిక్కు. పట్నమైనా ఇదే తీరు. కేంద్రం అవతల బజార్లో పెడితే మూడేళ్ళ పిల్ల రోడ్డు దాటి, రైలు పట్టాలు దాటి పోతదా? పేరు రిజిస్టర్‌లో ఉంటది, గుడ్డు పళ్ళెంలో ఉండదు.

అందుకే సుప్రీంకోర్టు ఆదేశాలు మనం కంఠతా పట్టాలె. కొత్త కేంద్రాలు ముందు దళిత, ఆదివాసీ వాడల్లోనే తెరవాలని 2004 అక్టోబర్ 7న చెప్పింది. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేకుంటే, పల్లె జనమైనా పట్నం బస్తీ జనమైనా అడిగిన మూడు నెలల్లో ఇవ్వాలని 2006 డిసెంబర్ 13న చెప్పింది. బడి మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న చెప్పింది. ‘వాళ్ళు వండితే మా పిల్లలు తినరు’ అనేవాళ్ళకు ఇదే జవాబు.

ఈ పక్షం రోజుల్లో మన పని ఇది:

ఒకటి: వాడ వాడ తిరిగి ఆరేళ్ళలోపు పిల్లల పేర్లు, వయసులు రాయాలె. నలభై అయితే సీడీపీవోకు దరఖాస్తు, కలెక్టర్‌కు నకలు ఇవ్వాలె. తేదీ ముద్ర వేసిన రసీదు లేకుండా వాపసు రావద్దు. మూడు నెలలు ఆ తేదీ నుంచే లెక్క.

రెండు: కేంద్రం ఉన్నచోట ప్రతి నెలా బిడ్డల బరువు తూకం వేయించాలె. ఆరు నెలలు దాటి అయిదేళ్ళలోపున్న బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువుంటే అది తీవ్రమైన లోపం. ఆ రోజే దవాఖానకు తీసుకపోవాలె.

మూడు: అంగన్‌వాడీ టీచరుతో, ఆయాతో కొట్లాట వద్దు. వాళ్ళూ చాలీచాలని జీతానికి పనిచేసే ఆడబిడ్డలే. సరుకు రాకుంటే పై ఆఫీసును అడుగుదాం, వాళ్ళనూ వెంట తీసుకపోదాం.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును బలపరుస్తూ, కాన్పుకు ముందూ వెనుకా తల్లికి విశ్రాంతి దేశానికే మేలని, ఆ భారం సర్కారు మోయాలని బాబాసాహెబ్ వాదించినాడు. ఆయన బొమ్మకు దండ వేసే చేతులతోనే ఈ నలభై పేర్లు రాద్దాం.

వాడకో కేంద్రం, బిడ్డకో గుడ్డు! సాధించేదాకా పోరాడుదాం!

జై భీమ్!