ఛాయాచిత్ర పోటీలలో ఆత్మచిత్రము

ఛాయాచిత్రముల పోటీలు నడపువారు తమ ప్రకటనలో ‘ఆత్మచిత్రము’ అను నొక విభాగమును చేర్చి, దాని ప్రక్కనే ‘ఈ విషయమును ఎవరికి తోచినట్లు వారు వ్యాఖ్యానించుకొనవచ్చును’ అని యొక వాక్యము వ్రాయుచుందురు. చిక్కులన్నియు ఆ రెండవ వాక్యమునుండియే పుట్టును. ఒకరు తమ ముఖమును చక్కని వెలుతురులో తీసి పంపుదురు. మరియొకరు గోడమీద పడిన తమ నీడను పంపుదురు. వేరొకరు అరిగిపోయిన తమ చెప్పుల జతను తీసి, దాని క్రింద ‘నేను’ అని వ్రాసి పంపుదురు. ఈ మూడును న్యాయనిర్ణేతల బల్లమీద ప్రక్కప్రక్కన చేరినప్పుడు బహుమతి దేనికీయవలెను? ముఖము లేనిది ఆత్మచిత్రమెట్లగునని యొకరు, ముఖమొక్కటియే మనిషియా యని మరియొకరు వాదింతురు. ఈ వాదము ఇంచుమించు ఛాయాచిత్రకళతో పాటుగనే పుట్టినది.

1839వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున రాబర్ట్ కర్నీలియస్ అను నాతడు, దీపములు చేయు కుటుంబమువాడు, తమ దుకాణము వెనుకనున్న పెరటిలో కెమెరాను నిలిపి, తానే దాని యెదుటికి వచ్చి కదలక మెదలక నిలుచుండి తన రూపమును పట్టుకొనెను. ఆ చిత్రమున అతని జుట్టు చెదరియున్నది; ముఖము నట్టనడుమ గాక యొక ప్రక్కకు జరిగియున్నది. కెమెరా వెనుక ఎవరును లేరాయెను, సరిచేయువారెవరు? నాకు మాత్రము ఆ జరిగిన ముఖమే ముచ్చటగా తోచును. అందులో వ్యాఖ్యానమేమియు లేదు. ‘నేనిచ్చట నిలుచుంటిని’ అనుటయే దాని వార్త.

మరుసటి సంవత్సరమే, అనగా 1840లో, పారిస్ నగరమున ఇప్పొలీత్ బయార్ అను ఉద్యోగి తీసికొనిన చిత్రము వేరొక తీరుది. బయార్ సామాన్యుడు కాడు. కాగితముమీద నేరుగా బొమ్మను పడజేయు పద్ధతిని తానై కనిపెట్టి, 1839 జూన్ మాసమున తన చిత్రములను ప్రజలకు ప్రదర్శించినవాడు. ఆ యేడు ఆగస్టులో దగేర్ పద్ధతి లోకమునకు వెల్లడియైనది. ఫ్రెంచి ప్రభుత్వము దగేరునకు జీవితాంతము భరణ మేర్పరచెను. బయారునకు పరికరముల కొరకు కొద్దిపాటి పైకము మాత్రము ముట్టినది. అప్పుడాతడేమి చేసెను? అర్జీ వ్రాయలేదు. ఒంటిపై బట్ట సగము జారవిడిచి, కన్నులు మూసి, నీటిలో పడి మరణించినవానివలె ఒరిగి కూర్చుండి, తన చిత్రమును తానే తీసికొనెను. దాని వెనుకవైపున, ఇది బయార్ మృతదేహమనియు, దగేరునకు అంత యిచ్చిన ప్రభుత్వము ఇతనికేమియు చేయజాలమన్నందున పాపము నీట మునిగెననియు వ్రాసిపెట్టెను. చిత్రమున ముఖమును చేతులును నల్లబడి కనిపించును. శవము చివుకుచున్నదని దానికి కూడ ఆతడే వేళాకోళముగా కారణము చెప్పెను. నిజమునకది యెండ కమిలిన చర్మము.

శ్రోతలు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ చిత్రము చెప్పుమాట పచ్చి అబద్ధము. చచ్చినవాడు కెమెరా సిద్ధము చేసికొని, బొమ్మ తీసి, దానిని కడిగి, వెనుక వ్రాత వ్రాయునా? కాని ఆ అబద్ధమే బయారును మన కెరుక పరచుచున్నది. ఆతని నేర్పు, ఆతని కడుపుమంట, ఆతని హాస్యము, అన్నియు నందే కలవు. బయార్ ఆ తరువాత 1887 వరకును జీవించెను.

ఈ పోకడ తెలుగువారికి క్రొత్త కాదు. మన కవులు కావ్యమునకు ముందు అవతారికలో తమ్ము గూర్చి తాము చెప్పుకొను ఆచారము కలదు. రామాయణము రచించిన మొల్ల, తనకు శాస్త్రములు తెలియవనియు, వ్యాకరణము తెలియదనియు, ఛందస్సు తెలియదనియు అవతారికలో చెప్పుకొన్నది. ఆ మాటను ఛందస్సులోనే చెప్పినది! అదియు తప్పు లేని పద్యములలో! మాట ఒకటి చెప్పుచుండగా పని వేరొకటి ఋజువు చేయుచున్నది. ఆత్మచిత్రమునకు వ్యాఖ్యాన మనగా నేను గ్రహించిన యర్థమిదియే. చిత్రములో కనబడునది ముఖమైనను కాకున్నను, తీసిన తీరులో మనిషి కనబడవలెను.

వేషముల మాటయు నంతే. పగటివేషగాడు అర్ధనారీశ్వర వేషము కట్టి, తెరను అటునిటు త్రిప్పుచు ఒకసారి పురుషుడుగను ఒకసారి స్త్రీగను కనిపించుచుండగా, మనము మెచ్చుకొనునది వేషము వెనుకనున్న వేషగానినే. జైపూరు మహారాజు సవాయి రామసింహుడు పందొమ్మిదవ శతాబ్దమున స్వయముగా ఛాయాచిత్రకళ నభ్యసించి, శివభక్తుని వేషములో తన చిత్రమును తాను తీసికొనెను. అమెరికాలో సిండీ షెర్మన్ అను కళాకారిణి 1977 మొదలు 1980 వరకు సినిమా నాయికల తీరున పలువిధములుగా అలంకరించుకొని తన్ను తానే తీసికొని, ఇవి నా ఆత్మచిత్రములు కావని చెప్పినది. అట్టివారిని ఈ విభాగమున చేర్చుకొందుమా? నా మట్టుకు, కాదన్నవారిని బలవంతముగా చేర్చుట మర్యాద కాదు.

ఇక మన అనకాపల్లికి వత్తము. ఈ యూరి బెల్లపు మార్కెట్టు దేశమున పెద్ద మార్కెట్లలో నొకటి. చుట్టుప్రక్కల పల్లెలలో చెరకు గానుగాడి, రసమును పెనములో పోసి, ఎండిన పిప్పిని పొయ్యిలోనికి త్రోయుచు బెల్లము వండువారు కలరు. అట్టి యొకడు ఆత్మచిత్రముల పోటీకి చిత్రము పంపదలచెననుకొందము. తెల్లచొక్కా తొడిగి, స్టూడియోలో తెర ముందర కుర్చీమీద కూర్చుండి తీసికొన్న చిత్రము అతనిదే, సందేహము లేదు. కాని పెనముమీది ఆవిరిలో సగము మరుగుపడిన తన నీడను, తెడ్డు పట్టి పట్టి కాయలు కాచిన తన అరచేతిని తీసి పంపినచో, అది యతనిది మరింత కాదా? ఆవిరి లెన్సుమీద పేరుకొని చిత్రము మసకబారినను, ఆ మసకకొక యర్థము కలదు. అయితే బజారులో నెవరో పేర్చిన బెల్లపు దిమ్మలను దూరమునుండి తీసి ‘నేను’ అని పేరు పెట్టిన యెడల నేనొప్పుకొనను. ఆ బొమ్మను ఈ యూర నెవరైనను తీయవచ్చును. తీసినవాని పేరు మార్చినను చెడని చిత్రము ఆత్మచిత్రము కాదు. చెప్పుల జతకును ఇదే పరీక్ష. వాని అరుగుదలలో ఒక మనిషి నడక కనబడినచో సరి. కొట్టునుండి తెచ్చిన క్రొత్తజత యైనచో అది చెప్పుల ప్రకటనయే.

ముఖము విధిగా నుండవలెనని నిబంధన పెట్టువారు మరియొక సంగతి నాలోచింపరు. తమ ముఖము పత్రికలోను ప్రదర్శనలోను పడుటకు ఇంటివారు సమ్మతింపని ఆడపిల్లలు మన పల్లెలలో నేటికిని కలరు. చేతిలో ఫోను కలదు, చూపు కలదు, నేర్పు కలదు. ముఖమును మాత్రము బయట పెట్టరాదు. అట్టి పిల్ల వాకిట ముగ్గు వేయుచున్న తన చేతిని, బిందెనీటిలో కదలాడు తన ప్రతిబింబమును, తలుపు సందున పడిన తన నీడను తీసి పంపవచ్చును. ముఖమే కావలెనన్నచో ఆమె పోటీకే రాదు. రాలేదని ఎవరికిని తెలియను కూడ తెలియదు. చికాగో నగరమున పిల్లలను సాకుచు జీవించిన వివియన్ మేయర్ అను స్త్రీ, వీధులలోని అద్దములలోను, గోడలమీది నీడలలోను తన్ను తాను ఎన్నియోమారులు తీసికొనినది. 2007లో ఆమె సామానులు వేలమునకు వచ్చిన పిమ్మట గాని ఆ చిత్రముల సంగతి లోకమునకు తెలియలేదు. 2009లో ఆమె మరణించినది. ఏ పోటీయు ఆమెకు తలుపు తెరువలేదు. మన పోటీలకు ఆ స్వేచ్ఛావాక్యము అలంకారము కాదు, తలుపు.

అయినను తలుపునకు గడప యుండవలెను గదా. తీసినది తామేనా యను ప్రశ్న తప్పదు. 2011లో ఇండోనేషియా కోతి యొకటి కెమెరా మీట నొక్కి తన్ను తాను తీసికొన్న చిత్రము లోకమంతట ప్రాకినది. జంతువులు తీసిన చిత్రములకు హక్కు నమోదు చేయజాలమని అమెరికా కాపీరైటు కార్యాలయము 2014లో ప్రకటించినది. పాపమా కోతి ముఖమున నవ్వు మాత్రము మన సెల్ఫీలలో చాలవానికంటె సహజముగా నున్నది! 2023లో సోనీ సంస్థ వారి ప్రపంచ ఛాయాచిత్ర పోటీలో సృజనాత్మక విభాగమున గెలిచిన జర్మను కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్, తన చిత్రము కృత్రిమ మేధ సహాయమున పుట్టినదని చెప్పి బహుమతిని నిరాకరించెను. అది ఆత్మచిత్రము కాదు. కాని ముఖములను కల్పించి యీయగల యంత్రము వచ్చిన తరువాత, ఆత్మచిత్రముల విభాగమునకే అందరికంటె ఎక్కువ జాగ్రత్త కావలెను. అందమైన ముఖము దొరకుట నేడు సులభము. తాను నిలిచిన చోటు దొరకుటయే కష్టము.

కావున పోటీ నడపువారికి నాదొక మనవి. ముఖముండవలెనని గాని, ఉండరాదని గాని నియమము పెట్టవలదు. ప్రతి చిత్రము వెనుక మూడు నాలుగు పంక్తులు వ్రాసి పంపుమని మాత్రము కోరుడు: తాము ఎక్కడ నిలిచిరి, వెలుతురు ఎటునుండి వచ్చినది, మీట తామే నొక్కిరా, టైమరు నొక్కెనా, లేక ఇంటిలో పిల్లవాడు నొక్కెనా. పిల్లవాడు నొక్కినను దోషము లేదు, ఆ ఏర్పాటంతయు తమదైనచో. బయార్ వ్రాసినంత వ్రాయనక్కరలేదు. అంత వ్రాసినచో న్యాయనిర్ణేతలు చదువరు.