పండుగ సెలవులు - పసివాడు



సంక్రాంతి సెలవులనగా విశ్రాంతి యని యే పంచాంగమునందును లేదు. బడిపంతుళ్ళు మాత్రము అట్లు తలంతురు. ఇంట రెండేండ్ల బిడ్డ యున్నచో ఆ తలపు భోగినాటికే మంటలో బడును. పండుగకు కూతుళ్ళును, అల్లుండ్రును బిడ్డలతో రైలెక్కి వత్తురు. బెజవాడనుండి వచ్చు ఇనుపదారి గుడివాడలో చీలి, యొకటి బందరునకును, మఱియొకటి భీమవరమునకును బోవును. పసివాడు ఆ చీలికను అంగీకరింపడు. ప్రక్కబండి కదలినచో తానును అందే పోవలెనని యేడ్చును. బందరున దిగి, చల్లపల్లి మీదుగా దివిసీమ చేరునప్పటికి తల్లిదండ్రుల గొంతులు బొంగురువోవును. వాని గొంతు మాత్రము ఖంగుమనుచునే యుండును.

తెల్లవాఱకముందే ఇల్లాండ్రు కల్లాపి చల్లి ముగ్గు పెట్టుదురు. చుక్కలన్నియు కలిసి ముగ్గు ముగిసిన క్షణమున పసివాడు లేచి వచ్చి సరిగా దాని నడుమ చతికిలబడును. గొబ్బెమ్మను చేతికెత్తుకొని, తాయిలమని తాత నోటికందించును. పుచ్చుకొనకున్నచో అలుక. హరిదాసు వచ్చి మోకరిల్లగా, అక్షయపాత్రలో బియ్యము పోయుమందుము. చారెడు పాత్రలోను, మిగిలినది దాసుగారి భుజములమీదను బడును. పిమ్మట ఆ పాత్రయే కావలెనని పట్టు. గంగిరెద్దు వచ్చినచో వేడుక మఱింత హెచ్చు. అది అడిగిన వాని కెల్ల ఔనని తల యూపును. మనుమడు అడిగిన వాని కెల్ల కాదని తల యూపును. ఇద్దఱిని ఎదురెదురుగా నిలిపి చూచుట కన్నులకు పండుగ.

అరిసెల పాకము క్షణము మీఱినచో ముదురును. ఆ క్షణము వంటలక్కకంటె పసివానికి బాగుగా తెలియును. ఆమె పాకపు చుక్కను నీళ్ళలో వేసి ఉండ చూచు సమయముననే వాడు మినుముల డబ్బా బోర్లించును. ఆ యేట అరిసెలు తినువారు దంతబలము పరీక్షించుకొందురు. బందరు లడ్డు 2017లో భౌగోళిక గుర్తింపు పొందినది. దానిని ప్రీతితో కొనితెచ్చి చేతబెట్టగా, వాడు కొన కొఱికి, తక్కినది తువ్వాయి నోట పెట్టును. ఆ గుర్తింపును మన్నించునది తువ్వాయియే.

ఇక వ్యాకరణము. చిన్నయసూరి బాలవ్యాకరణము వ్రాసెను గాని, అది యీ బాలునకు చెల్లదు. వాని భాషలో భూత భవిష్యత్తులు లేవు, సర్వము వర్తమానమే. రేపిత్తుమన్న నొప్పడు, నిన్న నిచ్చితిమన్న నమ్మడు. బువ్వ, లాల, తాయిలము, బూచి యను నాలుగు మాటలతో ఇంటిని పాలించును.

ఆ నాలుగింటిలో బూచిని మనమే నేర్పితిమి. అన్నము తినుటకొక బూచి, నిద్రపోవుటకొక బూచి. భయపెట్టి పెంచిన బిడ్డ నిజమైన అపాయము వచ్చినప్పుడు మన యొద్దకు పరుగెత్తక, మనకు వెఱచి మూల దాగును. అయిదేండ్ల వఱకు లాలింపుడని మన పెద్దలు చెప్పిరి. 1907లో రోమునగరమున శిశుగృహము తెఱచిన మరియా మాంటిస్సోరి, 1939లో మదరాసునకు వచ్చి అధ్యాపకులకు బోధించినది. బిడ్డ తన చేతులతో తాను పనిచేయ గోరునని ఆమె మతము. గొబ్బెమ్మలపై బంతిపూలు పెట్టు పని వానికిచ్చి చూడుడు, ముగ్గు బ్రతుకును.

నవ్వులాటతో పోనిది మఱియొకటి కలదు. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు ఈ సీమకు అన్నము పెట్టినవి. ఆ కాలువ, చెఱువు, నూయి, కడకు దొడ్డిలోని నీళ్ళతొట్టియు పసివానికి మృత్యుద్వారములే. జానెడు నీరు చాలును. బిడ్డ కేక వేయకయే మునుగును. పండుగనాడు ఇంట ఇరువదిమంది యుందురు. తల్లి అమ్మమ్మ చూచుచున్నదనుకొనును, అమ్మమ్మ తాత చూచుచున్నాడనుకొనును, తాత పేకాటలో నుండును. అందఱు చూచుచున్నారనగా ఎవ్వరును చూచుట లేదని యర్థము. కావున గంటకొకరు చొప్పున వంతు వేసికొనుడు. వంతు మాఱునప్పుడు “ఇదిగో, బిడ్డ నీ వశము” అని నోట చెప్పి అప్పగింపుడు.

భోగిపండ్లు పోయునపుడు రేగుపండ్లు, చెఱకుముక్కలు, నాణెములు తలమీదనుండి ఒడిలో బడును. దృష్టి తీయవలసినదే. కాని వాని దృష్టి వానిమీదనే యుండును. రేగుగింజయైనను, నాణెమైనను గొంతున బడినచో ఊపిరి యాగును. పూలు హెచ్చుగా, నాణెములు తక్కువగా వేసి, ముత్తైదువలు పాట ముగింపకముందే నేల ఊడ్పింపుడు. భోగిమంటయొద్ద బిడ్డను చంక దింపకుడు.

సెలవులు ముగిసి బండి కదలినపిమ్మట ఇల్లు నిశ్శబ్దమగును. ముగ్గు చెడదు, డబ్బా బోర్లపడదు, కాదను వాడుండడు. అప్పుడు ఆ నిశ్శబ్దముకంటె ఆ రభసయే మేలని ప్రతి తాతకును తోచును. ఆ రభస మీ మీ యిండ్ల ఏటేట క్షేమముగా తిరిగి వచ్చుగాక!