బీమా ఖర్చు ఎవరిపై పడినా పరిహారపు హక్కు కార్మికునిదే
(ఖరగ్‌పూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు 1927లో సాగించిన సమ్మె, ఆ ఉద్యమంలో వి.వి.గిరిగారి నాయకత్వం మనకు తెలిసినవే. ఆనాటి కార్మికునికి యజమాని ఎవరో స్పష్టంగా తెలుసు: బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ. నేడు కాంట్రాక్టుపై బోగీలు కడిగేవారికి, స్టేషను ఊడ్చేవారికి, తపాలా సంచులు మోసేవారికి తమ యజమాని ఎవరో తెలియని స్థితి ఏర్పడినది. ప్రమాదం జరిగిననాడే ఈ ప్రశ్న తలెత్తుచున్నది.

ప్రమాద పరిహారపు బీమా ఖర్చు ఏ దారిన పోవుచున్నదో గమనించండి. కాంట్రాక్టరు ప్రీమియాన్ని టెండరు ధరలో కలుపుకొనును. వాణిజ్య భవనాలలోనూ ఇదే పద్ధతి. యజమాని కాంట్రాక్టుపై పెట్టిన కావలివారి బీమా ఖర్చు నిర్వహణ రుసుము పేరిట అద్దె దుకాణదారులపై పడును. దుకాణదారు దానిని సరుకు ధరలో రాబట్టుకొనును. అంతవరకు అది వ్యాపారుల మధ్య లెక్క. ఆ భారం కూలివాని వేతనంలో కోతగా దిగుటను మాత్రం మనం సహించరాదు.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ఈ విషయమై మూడు రక్షణలు కల్పించినది. మొదటిది: తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చిన ప్రధాన యజమాని, తన అదుపులోని ఆవరణలో జరిగిన ప్రమాదానికి పరిహారం చెల్లించి తీరవలెను, ఆ సొమ్మును తరువాత కాంట్రాక్టరు నుండి రాబట్టుకొనవచ్చును. రెండవది: పరిహారపు హక్కును వదలుకొన్నట్లు కార్మికునిచేత వ్రాయించుకొన్న ఒప్పందం చెల్లదు. మూడవది: పరిహారం నెలలోగా చెల్లించనిచో 12 శాతం వడ్డీ, తగిన కారణం లేనిచో 50 శాతం వరకు జరిమానా పడును.

కేంద్ర కార్మిక సంఘాలు అనేకం వ్యతిరేకించిన 2020 సామాజిక భద్రతా కోడ్, 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో అమలులోకి వచ్చినది. ఈ మూల సూత్రాలు అందులోనూ నిలిచి ఉన్నవి. ప్రీమియం కట్టలేదన్న సాకుతో యజమాని బాధ్యత తప్పిపోదు.

కావున మన శాఖలు వెంటనే చేయవలసిన పనులు కలవు. కాంట్రాక్టు కార్మికుల వేతన చీటీలను పరిశీలించి, బీమా పేరిట కోత ఉన్నచో లిఖితపూర్వకంగా ప్రతిఘటించాలి. ప్రమాదం జరిగిన వెంటనే కాంట్రాక్టరుకు, ప్రధాన యజమానికి కూడా నోటీసు అందించాలి. పర్మనెంటు ఉద్యోగులమైన మనం, పక్కన పనిచేయు కాంట్రాక్టు సోదరుని పరాయివానిగా చూచినంతకాలం ఈ హక్కు కాగితంపైనే ఉండును.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!