పేరు ఒక మాటా, రెండు మాటలా?



మన తెలుగులో సమాసాన్ని కలిపి రాస్తాం. 1928లో నంద్యాల సభల్లో పుట్టిన ‘రాయలసీమ’ అనే పేరును ఎవరూ విడదీసి రాయరు. కర్నూలు, కడప జిల్లాల్లో ఊరికొకరుండే వెంకటసుబ్బయ్య, చిన్నఓబులేసు పేర్లూ అంతే. చిక్కంతా ఇంగ్లీషులో రాసేటప్పుడే. ఒక గుమాస్తా కలిపి రాస్తే, మరొకరు విడగొడతారు. ఏది ఒప్పు? రెండూ ఒప్పే. ఇంగ్లీషువారే ‘టుడే’ను మొదట రెండు మాటలుగా, తర్వాత నడుమ గీత పెట్టి, చివరకు కలిపి రాశారు.

అయితే భాషకు ఒప్పయినది కంప్యూటరుకు ఒప్పు కాకపోవచ్చు. దానికి ఖాళీ జాగా కూడా ఒక అక్షరమే. పూర్వం అధికారి మనిషిని చూసి పోల్చుకొనేవారు. యంత్రం అక్షరాలనే పోలుస్తుంది. మనం ఉన్నన్నాళ్లు వెళ్లి చెప్పుకోగలం. మన తదనంతరం ఫ్యామిలీ పెన్షన్ కోసం కాగితాలు పట్టుకొని నిలబడవలసింది వెనక మిగిలిన భార్యో, భర్తో.

కాబట్టి నా మనవి ఒక్కటే. పి.పి.ఓ., ఆధార్, బ్యాంకు పాసుబుక్కు పక్కపక్కన పెట్టి ఇద్దరి పేర్లూ సరిచూడండి. పి.పి.ఓ.లో కలిపి ఉంటే అన్నిటా కలిపి, విడిగా ఉంటే అన్నిటా విడిగా ఉండేలా దరఖాస్తు పెట్టుకోండి. ఈ పని మనకు తిరిగే ఓపిక ఉన్నప్పుడే చేసుకోవాలి.