స్పోర్ట్స్ యాప్‌లో ‘ఫర్ యు’ అంటే... మీకు ఏం చూపిస్తోంది, ఏం దాస్తోంది?

ఈ రోజు టాపిక్ స్పోర్ట్స్ న్యూస్. అంటే ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని కాదు. ఆ న్యూస్ మీ ఫోన్‌లోకి ఎలా వస్తోంది అని.

గమనించారో లేదో, ఇప్పుడు ఏ స్పోర్ట్స్ సైట్ ఓపెన్ చేసినా స్కోర్ చూపించే ముందే ఒక ప్రశ్న అడుగుతుంది. మీ టీమ్ ఏది? మీ ప్లేయర్ ఎవరు? రెండు మూడు నొక్కగానే మీ కోసమే ఒక పేజీ రెడీ. ఇది పాత సంగతే. కొత్తది ఏంటంటే, పేజీతో ఆగకుండా, మీ పేరు పెట్టి పిలిచి, మీకు నచ్చిన ఆటల న్యూస్ మాత్రమే చదివి వినిపించే గొంతు కూడా వచ్చేసింది.

2024 పారిస్ ఒలింపిక్స్ గుర్తుందా? అప్పుడు అమెరికాలో ఎన్‌బీసీ వాళ్లు తమ పీకాక్ యాప్‌లో ఒక ఫీచర్ పెట్టారు. మీ పేరు ఇస్తారు, మీకు ఇష్టమైన ఆటలు ఒక మూడు వరకు ఎంచుకుంటారు. రోజూ పొద్దున్నే దాదాపు పది నిమిషాల హైలైట్స్ వస్తాయి. వాటికి వాయిస్ ఎవరిది? ఆల్ మైకేల్స్‌ది. 1980 వింటర్ ఒలింపిక్స్‌లో అమెరికా ఐస్ హాకీ టీమ్ సోవియట్ యూనియన్‌ని ఓడించినప్పుడు కామెంటరీ చెప్పిన పెద్దాయన. కానీ ఆయన స్టూడియోలో కూర్చుని మీ పేరు చదవలేదు. ఆయన ఒప్పుకుంటే, పాత రికార్డింగులతో ట్రైన్ చేసిన ఏఐ గొంతు అది. ఇలా దాదాపు 70 లక్షల రకాల వెర్షన్లు తయారు కావచ్చని కంపెనీయే చెప్పింది. నాకు నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. బయటకు వదిలే ముందు క్లిప్పులు, పేర్ల ఉచ్చారణ మనుషులే చెక్ చేస్తారని కూడా చెప్పారు. ఈ ఉచ్చారణ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దాని దగ్గరికి.

తర్వాత 2025 ఆగస్టులో ఈఎస్‌పీఎన్ తన యాప్‌ని కొత్తగా రిలీజ్ చేసింది. అందులో రీల్స్‌లాగా నిలువు వీడియోలు పైకి తోసుకుంటూ చూసే ‘వర్ట్స్’ అనే ఫీడ్ ఉంది. ‘ఎస్‌సీ ఫర్ యు’ అని ఇంకొకటి. స్పోర్ట్స్‌సెంటర్ అనేది వాళ్ల ఫేమస్ న్యూస్ ప్రోగ్రామ్ కదా, అది ఒక్కొక్కరికి ఒక్కో రకంగా వస్తుంది. ఇక్కడా యాంకర్ల గొంతుని ఏఐతోనే తయారు చేశారు. మన దగ్గర ఇవి ఇంకా పెద్దగా వాడకంలో లేకపోయినా, అమెరికాలో వచ్చిన ఫీచర్ మన క్రికెట్ యాప్‌లలోకి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది చెప్పండి!

సరే, లోపల ఏం జరుగుతుందో చూద్దాం. నేను జాబ్ చేసిన రోజుల్లో ఇలాంటి ఫీడ్‌ల మీదే పని చేశా కాబట్టి సింపుల్‌గా చెప్తా.

సైట్‌కి మీ గురించి రెండు రకాలుగా తెలుస్తుంది. మీరు చెప్పింది ఒకటి, మీరు చేసింది ఇంకొకటి. ఫాలో కొట్టడం చెప్పడం. ఒక వీడియో దగ్గర మీ బొటనవేలు ఆగడం, ఆర్టికల్ చివరిదాకా చదవడం, నోటిఫికేషన్ నొక్కడం... ఇవన్నీ చేయడం. మీరు బ్యాడ్మింటన్ ఫాలో కొట్టి, చూసేదంతా ఐపీఎల్ గొడవల వీడియోలే అయితే సిస్టమ్ ఎవరి మాట నమ్ముతుంది? మీ నోటిని కాదు, మీ వేలిని. ఆ తర్వాత వేల వార్తల్లోంచి కొన్ని వందలు పక్కకి తీసి, ఒక్కోదానికీ మార్కులు వేస్తుంది. ఆ మార్కులు దేనికి? “ఈ మనిషి దీన్ని నొక్కే ఛాన్స్ ఎంత” అన్నదానికి. “ఇది ఎంత ముఖ్యమైన వార్త” అన్నదానికి కాదు. ఈ తేడా దగ్గరే అసలు కథ ఉంది.

ఒక ఉదాహరణ చెప్తా. 2024 సెప్టెంబర్ 8. అమెరికా మహిళల ఫుట్‌బాల్ లీగ్‌లో శాన్ డియేగో వేవ్, నార్త్ కరోలినా కరేజ్ మ్యాచ్. వేవ్ టీమ్‌లో అలెక్స్ మోర్గాన్ ఉంది. 2015, 2019 వరల్డ్ కప్‌లు గెలిచిన ప్లేయర్, అమెరికా తరఫున 123 గోల్స్. ఆ మ్యాచ్ ఆమెకి చివరిది. 13వ నిమిషంలో ఆట ఆపి, బూట్లు విప్పేసి, ఏడుస్తూ బయటికి నడిచింది. స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది.

ఆ మధ్యే ఈఎస్‌పీఎన్ ఈ లీగ్ మ్యాచ్‌ల రిపోర్టులు ఏఐతో రాయించడం మొదలుపెట్టింది. ఆ రిపోర్టులో స్కోర్ ఉంది, గోల్స్ ఎవరు కొట్టారో ఉంది. మోర్గాన్‌కి అది వీడ్కోలు మ్యాచ్ అన్న మాట మాత్రం లేదు! మనిషి ఎడిటర్ చూసిన తర్వాతే పబ్లిష్ అవుతాయని ముందే చెప్పారు కూడా. ఆమె రిటైర్మెంట్ గురించి అదే సైట్‌లో మనుషులు రాసిన వేరే వార్తలు ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. కానీ మ్యాచ్ రిపోర్ట్ మాత్రమే చదివినవాడికి ఆ రోజు ఏం జరిగిందో తెలియనట్టే. ఎందుకంటే స్కోర్ డేటాలో “ఏడ్చింది” అని ఒక కాలమ్ ఉండదు.

అలాగని ఏఐ వద్దు అని నేను అనను. ఈఎస్‌పీఎన్ చెప్పిన కారణం ఏంటంటే, రిపోర్టర్లు వెళ్లని చిన్న లీగ్‌లకు కూడా కనీసం ఒక రిపోర్ట్ ఉండాలని. ఆ మాటలో న్యాయం ఉంది. అసలేమీ రాకపోవడం కంటే నాలుగు లైన్లు నయమే. నా బాధ వేరే. చిన్న ఆటలకి మెషీన్ రాత, పెద్ద ఆటలకి మనుషుల రాత అని విడిపోతే, రేపు మన జిల్లాల నుంచి వచ్చే ప్లేయర్లు ఏ వైపు పడతారు?

అదే వారం ఇటు చూడండి. సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో మన జీవాంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి. టైమ్ 55.82 సెకన్లు. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07తో ప్రపంచ రికార్డు కూడా పెట్టింది. ఆమె పరిగెత్తే విభాగం పేరు టీ20. మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగం అది. ‘ఇండియా టీ20’ అని కీవర్డ్ అలర్ట్ పెట్టుకున్నవాళ్లకి దీప్తి వార్త వస్తుందా, క్రికెట్ వార్త వస్తుందా? మీకే తెలుసు.

మీరు ఒక ఐపీఎల్ టీమ్‌ని, ఇద్దరు స్టార్ బ్యాటర్లని మాత్రమే ఫాలో అయి ఉంటే దీప్తి వార్త మీ పేజీలో పైకి వచ్చే అవకాశం చాలా తక్కువ. ఎవరూ కావాలని దాచలేదు. మీరు అడగలేదు, సిస్టమ్ ఇవ్వలేదు, అంతే. పాత రోజుల్లో పేపర్ చదివేటప్పుడు మన తాతలు క్రికెట్ కోసమే క్రీడల పేజీ తిప్పేవాళ్లు, కానీ కింద మూలలో ఉన్న జిల్లా కబడ్డీ వార్త కూడా కంట్లో పడేది. ఫీడ్‌లో ఆ మూల లేదు.

ఇప్పుడు పేర్ల దగ్గరికి వద్దాం. మన తెలుగువాళ్ల పేర్లు ఈ సిస్టమ్‌లకి పెద్ద పరీక్ష. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్లకి చివర రావాలి. మనం పి.వి. సింధు అంటాం, ఇంటర్నేషనల్ బ్యాడ్మింటన్ స్కోర్‌బోర్డులో పూసర్ల వి. సింధు అని ఉంటుంది. అమలాపురం సాత్విక్ అక్కడ రంకిరెడ్డి. 2025 నవంబర్‌లో వన్డే వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో కడప జిల్లా శ్రీచరణి ఉంది కదా, ఇంగ్లిష్‌లో ఆమె పేరు ఒకచోట ఎస్‌తో మొదలై వెంటనే ఆర్ వస్తుంది, ఇంకోచోట మధ్యలో హెచ్ ఉంటుంది. మంచి సైట్ ఒక్కో ప్లేయర్‌కి ఒక ఐడీ ఇచ్చి, అన్ని స్పెల్లింగులనీ దానికే కడుతుంది. అందుకే పేరు టైప్ చేసి అలర్ట్ పెట్టుకోవద్దు. ప్లేయర్ పేజీ తెరిచి అక్కడ ఫాలో కొట్టండి. ఏఐ గొంతు ఈ పేర్లని ఎలా పలుకుతుందో... రంకిరెడ్డిని ఏం చేస్తుందో వినాలని నాకు భయంతో కూడిన కుతూహలం!

నోటిఫికేషన్ల గురించి ఒక్క మాట. డాలస్‌లో ఉండే మా అన్నయ్యకి ఐపీఎల్ సాయంత్రం మ్యాచ్ పొద్దున 9 గంటలకి మొదలవుతుంది. ఆఫీస్ టైమ్. రాత్రి ఇంటికొచ్చి రీప్లే చూద్దామంటే, మధ్యాహ్నమే లాక్ స్క్రీన్ మీద రిజల్ట్ వచ్చి కూర్చుంటుంది. అలాంటివాళ్లు యాప్ మొత్తాన్ని మ్యూట్ చేయక్కర్లేదు. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో యాప్ నోటిఫికేషన్లని రకాల వారీగా ఆపే వీలుంది. యాప్ వాళ్లు విడదీసి ఇచ్చి ఉంటే, మ్యాచ్ మొదలైందన్నది ఉంచి, రిజల్ట్ ఆపేయండి. యాప్ లోపలి సెట్టింగ్స్‌లోనూ ఒకసారి చూడండి.

నేను ఏం చేశానంటే, ఫాలో లిస్టులోంచి రెండు ఐపీఎల్ టీమ్‌లు తీసేశా. స్కోర్ ఎలాగూ వాట్సాప్ గ్రూపులోనే తెలిసిపోతుంది. వాటి బదులు అథ్లెటిక్స్, పారా స్పోర్ట్స్, బాక్సింగ్, మహిళల క్రికెట్ పెట్టా. విశాఖ హర్డిల్స్ అమ్మాయి జ్యోతి యర్రాజి, నిజామాబాద్ నిఖత్ జరీన్ పేజీలు విడిగా ఫాలో కొట్టా. మొదటి వారం ఫీడ్ ఏం మారలేదు, మళ్లీ అదే క్రికెట్. చెప్పా కదా, అది వేలినే నమ్ముతుంది. అందుకే ఆ వార్తలు కనిపించినప్పుడల్లా తెరిచి చివరిదాకా చదివా, క్రికెట్ గొడవల వీడియోలకి ‘నాట్ ఇంట్రెస్టెడ్’ కొట్టా. మూడో వారానికి పైన ఐదు వార్తల్లో రెండు వేరే ఆటలవి రావడం మొదలైంది.

మీ ఊరి నుంచో, మీ జిల్లా నుంచో ఆడే ప్లేయర్ ఎవరైనా ఉంటే, ఈ వీడియో ఆపేసి వాళ్ల పేజీ మీ యాప్‌లో అసలు ఉందో లేదో వెతకండి. లేకపోతే ఫీడ్‌బ్యాక్ ఆప్షన్‌లో రాసి పంపండి, అవి చదివే టీమ్ ఒకటి నిజంగానే ఉంటుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఫాంటసీ యాప్‌ల సంగతి చూద్దాం. ఉంటా మరి, బై!