వినిన తరువాతనే పలుకవలెను

ఉరుములతో మబ్బు పట్టిన సాయంకాలాలలో రేడియోలోని మాటను మింగివేసే గరగర శబ్దం శ్రోతలెరిగినదే. మనం కోరని తరంగం వచ్చి కోరిన తరంగం మీద పడడమే రేడియో అంతరాయం. ఇంట్లో దానివలన ఒక పాట చెడిపోతుంది. విమానాశ్రయంలో అదే ప్రాణాపాయానికి దారి తీయవచ్చును.

1985 ఆగస్టు 2వ తేదీన అమెరికాలోని డల్లాస్ నగరం వద్ద దిగబోతున్న విమానమొకటి, మేఘం నుండి హఠాత్తుగా క్రిందికి విరుచుకుపడిన గాలిలో చిక్కి కూలిపోయినది. 130 మందికి పైగా మరణించారు. అటువంటి గాలులను ముందుగానే పసిగట్టడానికి ఆ దేశంలోని పెద్ద విమానాశ్రయాల సమీపంలో ప్రత్యేక వాతావరణ రాడార్లను నెలకొల్పారు. ఇవి 5,600 నుండి 5,650 మెగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలలో పనిచేస్తాయి.

రాడార్ చేసే పని కొండ ఎదుట కేకవేసి ప్రతిధ్వని వినడం వంటిది. పంపే తరంగం మిక్కిలి బలమైనది. వానచినుకులకు తగిలి మరలివచ్చేది అత్యల్పం. ఆ సన్నని ప్రతిధ్వనికై చెవియొగ్గి ఉన్నప్పుడు, ఎదుటి మేడ మీది నుండి మరొకరు మాట్లాడితే ఏమి వినిపిస్తుంది?

2009లో పోర్టోరికో దీవిలోని శాన్ హువాన్ నగరంలో ఇదే జరిగినది. అక్కడి రాడార్ తెర మీద, కేంద్రం నుండి అంచు వరకు, వానకు సంబంధం లేని గీతలు కనిపించసాగినవి. గీత ఏ దిక్కున ఉన్నదో, దాని కారణం కూడా ఆ దిక్కుననే ఉండవలెను కదా! ఇంజనీర్లు ఆ జాడ పట్టి పరిశోధించారు. ఎత్తయిన చోట్ల ఆరుబయట అమర్చిన వైర్‌లెస్ ఇంటర్నెట్ పరికరాలు బయటపడినవి. మన ఇళ్ళలోని వై-ఫై కూడా ఆ జాతిదే.

అటువంటి పరికరాలకు ఈ పౌనఃపున్యాల ప్రాంతంలో చోటు ఇచ్చింది ఒక షరతు మీద. పలుకబోయే ముందు ఒక నిమిషం పాటు వినవలెను. రాడార్ లేదని తెలిసిన తరువాతనే పలుకవలెను. నడుమ రాడార్ వినబడితే 10 సెకండ్లలో తప్పుకొని, 30 నిమిషాల వరకు అక్కడికి తిరిగి రాకూడదు. కాని కొన్ని పరికరాలలో ఈ వినికిడి ఏర్పాటు పనిచేయడమే లేదు. మరికొన్ని వింటూ ఉన్నా రాడార్ సంకేతాన్ని గుర్తించలేదు.

పిమ్మట అధికారులు, రాడార్‌కు 35 కిలోమీటర్ల లోపల ఉన్న ఇటువంటి పరికరాలు దాని పౌనఃపున్యానికి కనీసం 30 మెగాహెర్ట్జ్ ఎడంగా ఉండవలెనని సూచించారు.

ఆకాశంలో గోడలు కట్టలేము, గట్లు వేయలేము. పరికరం చేసినవారు, అమర్చినవారు, వాడుకొనేవారు, ఈ ముగ్గురూ నియమం తప్పకుండా ఉన్నప్పుడే పైలట్‌కు అందవలసిన హెచ్చరిక సకాలంలో అందుతుంది.