మంచం దిగితేనే బలం

ఊపిరితిత్తి కాన్సరుకు ఆపరేషనై వచ్చిన ఇల్లాలిని నాలుగు రోజులు మంచం దిగనివ్వం. పదోనాటికి నీళ్ల బిందె ఎత్తనిస్తాం. రెండూ తప్పేనండీ!

1933లో అమెరికాలో డాక్టర్ గ్రాహం ఒక రోగికి ఒకవైపు ఊపిరితిత్తి మొత్తం తీసేశారు. ఆ రోగి కూడా డాక్టరే. మళ్లీ వైద్యం చేస్తూ దాదాపు 30 ఏళ్లు బతికాడు.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి నడిచివెళ్లేవాళ్లైనా మొదటి అడుగు గడపలోనే వేస్తారు కదా! ముందు వసారాలో, తర్వాత వీధి చివరిదాకా, రోజూ కాస్త పెంచుతూ నడవాలి. ఆయాసమొస్తే ఆగి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదలాలి. జడ వేసుకోవడం, దండెం మీద చీర ఆరేయడం మెల్లగా మొదలుపెడితే భుజం బిగుసుకుపోదు. బరువులు మాత్రం డాక్టరు సరేనన్నాకే. ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం, కాలివాపు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఆమెతో "పడుకో" అనకండి. "పద, నేనూ వస్తా" అనండి.